పిల్లిని చంకన పెట్టుకొని

మా అత్తమ్మకు ఇప్పటికీ పిల్లి ఎదురైతే ప్రయాణం సాగదు. గడప దాటిన ఆవిడ వెనక్కి వచ్చి, గ్లాసెడు నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని, వీధిలో ఇంకెవరైనా నడిచిపోయాక గాని మళ్ళీ చెప్పులు వేసుకోరు. అటువంటి ఇంటి కోడలినై ఉండి, పోయిన ఫిబ్రవరిలో నేను పిల్లినే వెంటబెట్టుకొని తిరుపతి నుంచి ఢిల్లీకి విమాన ప్రయాణం పెట్టుకున్నాను. చిత్తూరులో మా మరిది ఇంట్లో ఉన్న ఆవిడకు ఫోనులో ఈ సంగతి చెప్పగానే ఒక్క క్షణం మాట రాలేదు. ఆ తరువాత, "ఏమ్మే, పిల్లిని సంకలో పెట్టుకోని పెండ్లికి పొయ్యినట్టుండాదే నీ యవ్వారం" అన్నారు. అపశకునం ఎదురు రావడం ఒక ఎత్తు, దాన్ని మనమే మోసుకొని పోవడం ఇంకో ఎత్తు అని ఆ సామెతలోని ఎత్తిపొడుపు. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే గాని, అది అక్షరాలా నా పట్ల నిజమవుతుందని ఎన్నడూ అనుకోలేదు.

పిల్లి పేరు దొర. ఐదేళ్ళ క్రితం తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి నీళ్ళ మోటారు పక్కన, వానకు తడిసి ముద్దయి దొరికింది. దొరికినది కనుక దొర అని మా అమ్మాయి పేరు పెట్టింది గాని, ఆ తరువాత దాని నడవడిక చూసినవాళ్ళెవరూ ఆ పేరుకు వేరే కారణం అడగలేదు. ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్న అమ్మాయికి కాన్పు దగ్గర పడడంతో నేను ఆరు నెలలపాటు అక్కడ ఉండవలసి వచ్చింది. పిల్లికి రోజూ అన్నం పెడతామని పక్కింటివారు మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ అంతకు ముందు మదనపల్లెలో ఒక పెళ్ళికి వెళ్ళి నాలుగు రోజులు ఉండి వస్తే, అన్ని రోజులూ దొర బీరువా మీది నుంచి దిగలేదని, పెట్టినది పెట్టినట్టే ఉందని తెలిసింది. ఒళ్ళున్న పిల్లి కొన్ని రోజులు వరుసగా తిండి మానేస్తే శరీరంలోని కొవ్వంతా కాలేయంలో చేరి ప్రాణం మీదికి వస్తుందని పశువైద్యులు చెప్పాక, దాన్ని వదిలి వెళ్ళే ఆలోచన మానుకున్నాను.

రైలులో తీసుకుపోవచ్చు గదా అని అందరూ అన్నారు. రైల్వే నిబంధన ప్రకారం పెంపుడు కుక్క మన కళ్ళెదుట ఉండాలంటే మొదటి తరగతి ఏసీలో రెండు పడకల గదిగాని నాలుగు పడకల గదిగాని మొత్తం మన పేరనే తీసుకోవాలి. లేకపోతే అది గార్డు పెట్టెలోని బోనులో ప్రయాణం చేయాలి. పిల్లికి అంతకన్నా మేలైన మర్యాద దొరుకుతుందని నేను ఆశించలేదు. ఢిల్లీకి రోజున్నర పాటు, ప్రతి స్టేషనులోనూ పెట్టెలు దించే మోతలో, ఆ పిరికి జంతువును గార్డు పెట్టెలో ఉంచడం నాకు మనస్కరించలేదు. కాబట్టి విమానమే అనుకున్నాను.

మా ఇంటి నుంచి రేణిగుంట విమానాశ్రయం ఆటోలో పోయేంత దూరం. 2015లో అక్కడ కొత్తగా కట్టిన టెర్మినల్‌కు గరుడ అని పేరు పెట్టారు. బ్రహ్మోత్సవాల్లో శేషుడు, హంస, సింహం, గరుడుడు, ఏనుగు, గుర్రం తలా ఒక పూట స్వామిని మోస్తాయి. పిల్లి మాత్రం ఎవరినీ మోయదు, దాన్నే మనం మోయాలి. అయితే రేణిగుంట నుంచి నాకు కుదిరిన తేదీల్లో దొరికినవన్నీ పెంపుడు జంతువులను ఎక్కించుకోని సంస్థ విమానాలే. మన దేశంలో ఈ విషయంలో అన్ని సంస్థల తీరూ ఒకటి కాదు. ఇండిగో శిక్షణ పొందిన సహాయక కుక్కలను తప్ప మరే జంతువునూ ఎక్కించుకోదు. ఎయిర్ ఇండియా చాలాకాలంగా కుక్కలను, పిల్లులను, పక్షులను తీసుకుపోతున్నది గాని, చివరి మాట విమానం కెప్టెనుదే. ఆకాశ ఎయిర్ 2022 నవంబరు నుంచి మొదలుపెట్టింది. క్యాబిన్‌లో మన కాళ్ళ దగ్గర ఉంచుకోవడానికి ఎన్ని కిలోల వరకు ఒప్పుకుంటారన్నది సంస్థను బట్టే కాక సంవత్సరాన్ని బట్టి కూడా మారుతున్నందువల్ల, ఎవరో ఎప్పుడో రాసిన అంకెను నమ్ముకోకుండా టికెట్టు తీసుకునే రోజున ఆ సంస్థ వారినే అడగడం మంచిది. ఎంత చెల్లించాలన్నదీ అంతే. జంతువును మన ఉచిత సామానులో లెక్కించరు, దానికి వేరే రుసుము ఉంటుంది.

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. చెన్నై నుంచి ఎక్కాలని నిశ్చయించుకొని, మాకు ఎప్పుడూ టికెట్లు తీసిపెట్టే ఒక ఏజెంటును అడిగితే, "ముందు మీ టికెట్టు తీసేద్దాం మేడమ్, పిల్లి సంగతి ఎయిర్‌పోర్టులో మాట్లాడుకోవచ్చు, అవన్నీ అంత పట్టించుకోరు" అన్నాడు. నేను సరేనన్నాను. వారం తరువాత అనుమానం వచ్చి విమాన సంస్థకు ఫోను చేస్తే, ఒక్కొక్క విమానంలో క్యాబిన్‌లోకి ఒకటో రెండో జంతువులనే అనుమతిస్తారని, నా విమానంలో ఆ చోటు ఎవరిదో కుక్క అప్పటికే దక్కించుకొందని చెప్పారు. తేదీ మార్చుకోవడానికి అయిన ఖర్చుతో దొరకు ఆరు నెలల తిండి వచ్చేది. కనుక, ఈ ప్రయాణంలో ముందు చోటు చూడవలసినది జంతువుకు, ఆ తరువాతే మనిషికి. చోటు ఖాయమైనట్టు ఈమెయిలులో రాయించుకొని, దాన్ని కాగితం మీద అచ్చు తీసి దగ్గర ఉంచుకోవడం అంతకన్నా అవసరం. కౌంటరు దగ్గర మన నోటిమాటకు విలువ ఉండదు.

క్యాబిన్ పరిమితికి మించిన బరువున్న జంతువు విమానం అడుగున సామాను అరలో ప్రయాణం చేస్తుంది. మా పక్క వీధిలో ఒకాయనకు పగ్ జాతి కుక్క ఉంది, ఆయన నన్ను ఈ సంగతి వివరంగా అడిగారు కనుక కొంచెం ఆగి రాస్తాను. అడుగు అరలో గాలి ఉండదని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. జంతువులను ఉంచే అరలో గాలి ఒత్తిడి పైనున్న మనకు ఉన్నట్టే ఉంటుంది, ఉష్ణోగ్రతనూ అదుపులో ఉంచుతారు. ప్రమాదం గాలిలో కన్నా నేల మీదే ఎక్కువ. విమానం ఎక్కించే ముందు, దించిన తరువాత, బోను ఎంతసేపు ఎండలో, కాంక్రీటు సెగలో ఉంటుందన్నదే అసలు ప్రశ్న. అమెరికాలోని జంతు సంరక్షణ నిబంధనలు 29.5 డిగ్రీలు దాటిన వేడిలో కుక్కనుగాని పిల్లినిగాని విమానానికి చేర్చే దారిలో 45 నిమిషాలకు మించి ఉంచరాదని చెబుతాయి. రేణిగుంటలో ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిదికే ఆ గీత దాటిపోతుంది. ముక్కు చప్పిడిగా ఉండే పగ్, బుల్‌డాగ్, షిట్జు వంటి కుక్కలు, పర్షియన్ పిల్లులు నోరు తెరిచి రొప్పినా ఒంటి వేడిని సరిగా వదిలించుకోలేవు, భయపడితే శ్వాస మరింత ఇరుకవుతుంది. అమెరికాలో 2005 మే నుంచి విమానాల్లో జంతువుల మరణాలను ప్రకటించడం తప్పనిసరి చేశాక, మొదటి ఐదేళ్ళలో లెక్కకు వచ్చిన 122 కుక్కలలో సుమారు సగం ఈ చప్పిడి ముక్కు జాతులవే. పగ్‌ను అడుగు అరలో పంపవద్దని ఆయనకు చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు, అయినా నా మాట మార్చుకోను.

మామూలు ముక్కు ఉన్న కుక్కకైనా బోను కొలత కళ్ళంచనాతో తీసుకోకూడదు. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఇచ్చిన లెక్క చాలా సులువైనది. ముక్కు కొన నుంచి తోక మొదలు వరకు ఉన్న పొడవుకు, నేల నుంచి ముంగాలి మోచేయి వరకు ఉన్న ఎత్తులో సగం కలిపితే బోను పొడవు వస్తుంది. భుజాల వెడల్పుకు రెట్టింపు బోను వెడల్పు. నిలబడ్డప్పుడు తలగాని చెవులగాని ఏది ఎత్తో అంత, దానికి అడుగున పరిచే గుడ్డ మందం కలిపితే బోను ఎత్తు. లోపల జంతువు తల వంచకుండా నిలబడగలగాలి, వెనక్కి తిరగగలగాలి, కాళ్ళు చాపి పడుకోగలగాలి.

తిరుపతివాళ్ళకు ఒక అదృష్టం ఉంది. 1955 నుంచి ఇక్కడ పశువైద్య కళాశాల ఉంది, 2005లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమూ ఈ ఊళ్ళోనే ఉంది. ఆవులు, గొర్రెలు, కోళ్ళు, కుక్కలు బారులు తీరిన చోట బుట్టలో పిల్లిని పెట్టుకొని నిలబడితే ఎవరూ వింతగా చూడరు. డాక్టరమ్మ టీకాల పుస్తకం చూసి, రేబిస్ టీకా గడువు ఇంకా ఉందని తేల్చి, ప్రయాణ యోగ్యతా పత్రం మాత్రం ఇప్పుడే ఇవ్వనన్నారు. ఆ పత్రం ప్రయాణానికి ఇన్ని రోజుల లోపల రాసినదై ఉండాలని ప్రతి సంస్థకూ ఒక గడువు ఉంటుంది, ముందే తీసుకుంటే అది చెల్లని కాగితం అవుతుంది. మత్తుమందు సంగతి అడిగితే ఆవిడ గట్టిగానే వద్దన్నారు. మత్తులో ఉన్న జంతువుకు రక్తపోటు పడిపోతుంది, ఒంటి వేడిని నిలుపుకునే శక్తి తగ్గుతుంది, విమానం ఒరిగినప్పుడు కాళ్ళు నిలదొక్కుకోలేదు. మగతగా ఉన్నట్టు కనిపిస్తే విమానం వారే ఎక్కించుకోరు. "మందు కన్నా అలవాటు మేలు, ఆరు వారాలుంది గదా, ఇవాళే మొదలుపెట్టండి" అన్నారు ఆవిడ.

అసలు ప్రయాణం ఆ సాయంత్రమే మొదలైందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. జిప్పు, వలగుడ్డ కిటికీలు ఉన్న మెత్తని సంచి ఒకటి తెప్పించి, నోరు తెరిచి హాలులో దొర పడుకునే మూలన పెట్టాను. మూడు రోజులు అది ఆ మూలకే రాలేదు. నాలుగో రోజు నేను కట్టి విడిచిన పాత నేత చీరలో సగం చించి సంచిలో పరిచాను. ఆ రాత్రి తల లోపల, తోక బయట పెట్టి పడుకుంది. పది రోజులకు అన్నం గిన్నె సంచి లోపలికి మారింది. ఆ తరువాత అది తింటుండగా జిప్పు ఒక నిమిషం మూసి తెరవడం, మరునాడు రెండు నిమిషాలు, ఇంకో రోజు సంచిని భుజాన వేసుకొని మేడ మెట్లు ఎక్కి దిగడం. కుక్కరు కూత వేసేటప్పుడు, మిక్సీ తిరిగేటప్పుడు కావాలనే దాన్ని సంచిలో ఉంచి పక్కన కూర్చునేదాన్ని. నాలుగో వారంలో ఆటోలో తిరుచానూరు దాకా పోయి వచ్చాము. వెళ్ళేటప్పుడు దారి పొడవునా అరిచింది, వచ్చేటప్పుడు అరవలేదు. ఈ ఆరు వారాల పని చేయకుండా, ముందు రోజు రాత్రి సంచి కొని, తెల్లవారుజామున పిల్లిని అందులో కుక్కి బయలుదేరేవాళ్ళు, ఆ తరువాత విమానంలో జరిగిన రభసకు విమానాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఈ మధ్యలో అత్తమ్మను ఒప్పించడానికి నేను చరిత్రను కూడా వాడుకున్నాను. 1783 సెప్టెంబరు 19న ఫ్రాన్సులోని వెర్సాయ్‌లో, రాజుగారి ఎదుట, మోంగోల్ఫియే సోదరులు వేడిగాలి బుడగకు బుట్ట కట్టి ఒక గొర్రెను, ఒక బాతును, ఒక కోడిపుంజును ఆకాశంలోకి పంపారు. అవి కొద్ది నిమిషాలు ఎగిరి, మూడు కిలోమీటర్ల అవతల క్షేమంగా దిగాయి. మనుషులు కట్టుతాడు లేని బుడగలో ఎగిరినది ఆ తరువాత రెండు నెలలకు. కనుక ఆకాశయానంలో జంతువులే మనకన్నా పెద్దలని చెప్పాను. ఆవిడ అంతా విని, "దించినాక ఆ గొర్రిని కోసుకున్నారా, యిడిచిపెట్టినారా?" అని అడిగారు. రాజుగారి జంతుశాలలో పెట్టి మేపారట అని చెబితే కాస్త నెమ్మదించారు.

బరువు సంగతి చూసుకోవడానికి వీధి చివరి అంగడిలోని తూకానికి వెళ్ళాను. నేను ఎక్కబోయే విమానంలో పరిమితి సంచితో కలిపి 7 కిలోలు. దొర 5 కిలోల 200 గ్రాములు. సంచి, సగం చీర, కొంచెం తిండి పొట్లం కలిపి మొత్తం 6 కిలోల 900 తూగింది. వంద గ్రాములు మిగిలాయని సంతోషించాను. అంగడాయన చిక్కుడుకాయలు తూచినంత శ్రద్ధగా రెండుసార్లు తూచి, డబ్బు తీసుకోలేదు.

తెల్లవారుజామున ఐదుకు కారులో బయలుదేరాము. ముందు రోజు రాత్రి తిండి తరువాత దొరకు ఏమీ పెట్టలేదు, నీళ్ళు మాత్రం కొద్దికొద్దిగా ఇచ్చాను. రేణిగుంట, పుత్తూరు దాటే వరకు సంచిలో నుంచి చప్పుడు లేదు. నగరి దాటి తమిళనాడులోకి అడుగుపెట్టాక, తిరుత్తణి ఇంకా రాకముందు, అది ఒకే స్వరంలో సాగదీసి అరవడం మొదలుపెట్టింది. డ్రైవరు, "అమ్మా, దానికేమన్నా కావాలేమో సూడండి" అన్నాడు. ఏం కావాలో నాకు ఐదు నిమిషాల్లో వాసనను బట్టి తెలిసింది. జిప్పు తెరిస్తే కారులో సీట్ల కిందికి దూరి, చెన్నై చేరే వరకు దొరకదని భయపడి, తడిసిన చీరతోనే మిగతా దారి సాగించాను.

మీనంబాక్కం విమానాశ్రయంలో కౌంటరు ముందు సంచిని తూకం మీద పెడితే 7.2 అని చూపించింది. నాకు గుండె జారింది. ఆ సంఖ్యకు కారణం పూర్తిగా నేనే. పొద్దున బయలుదేరే హడావిడిలో, ఢిల్లీ చలి తలచుకొని, ఒక తువ్వాలు, నీళ్ళు పోయడానికి ఒక స్టీలు గిన్నె లోపల కుక్కాను. కౌంటరులోని అమ్మాయి నిబంధన చెప్పింది, నేను బతిమాలబోయాను, ఇంతలో ఒక సంగతి తట్టింది. కారులో దొర చేసిన పని వల్ల మొత్తం బరువు గ్రాము కూడా తగ్గలేదు, పిల్లిలో ఉన్నది చీరలోకి మారింది, అంతే. అంటే ఆ చీరను బయటికి తీస్తే, మనిషి బతిమాలినా తగ్గని బరువు తగ్గుతుంది. పక్కనున్న మరుగుగదిలోకి వెళ్ళి, తలుపు గడియ వేసి, తడి చీరను తీసి పాలిథిన్ సంచిలో కట్టి, గిన్నెను నా చేతిసంచిలో వేసుకొని, పిల్లల కోసం అమ్మే, తడి పీల్చే షీటు ఒకటి పరిచి, పైన తువ్వాలు వేసి తిరిగి వచ్చాను. ఈసారి 6.7 చూపించింది. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ కాగితాల మీద ముద్ర వేసింది.

ఈ ప్రయాణం మొత్తంలో అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది భద్రతా తనిఖీ. సంచి ఎక్స్‌రే యంత్రంలోకి పోవాలి, జంతువు పోకూడదు. అంటే, వందలాది మంది తిరిగే చోట, ట్రేలు ధనధన కొట్టుకునే మోతలో, పిల్లిని సంచిలో నుంచి తీసి చేతుల్లో పట్టుకొని లోహపు చట్రం గుండా నడవాలి. పిల్లి చేయి జారితే మళ్ళీ దొరికే స్థలం కాదది. అందుకే దొరకు ఛాతీకి, మెడకు కలిపి కట్టే హార్నెస్ పట్టీని నెల రోజుల ముందే అలవాటు చేశాను, దాని తాడును నా మణికట్టుకు రెండు చుట్లు చుట్టాను. ఆడవాళ్ళను తనిఖీ చేసే తెరల గదిలోకి దొరతోపాటు వెళ్ళాను. విమానాశ్రయ భద్రత చూసే సీఐఎస్‌ఎఫ్ దళపు అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసి, కరుస్తుందా అని హిందీలో అడిగింది. కరవదని చెప్పాను, నిజానికి ఆ క్షణాన నాకూ తెలియదు. చేతిలోని తనిఖీ కర్రను నా భుజం మీదుగా తెస్తుంటే, పట్టీకి ఉన్న చిన్న ఇనుప రింగు దగ్గర అది కీచుమంది. దొర నా భుజంలోకి నాలుగు గోళ్ళు దించింది. ఆ అమ్మాయి కర్రను మెల్లగా దొర వీపు మీదుగా కూడా కదిలించింది. దొర అరవలేదు, పారిపోజూడలేదు. కర్ర ఎటు కదిలితే అటు తల తిప్పుతూ, బల్లిని చూసినట్టు చూసింది. తనిఖీ అయ్యాక ఆ అమ్మాయి దాని నుదుటి మీద ఒక్క వేలితో రాసి, మా ఊళ్ళో నాలుగున్నాయి అంది. జాకెట్టు మీద నాలుగు రక్తపు చుక్కలు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

విమానంలో చెప్పుకోదగినంతగా ఏమీ జరగలేదు. జంతువుతో వచ్చినవారికి అత్యవసర ద్వారం వరుస, అన్నిటికన్నా ముందు వరుస ఇవ్వరు. సంచి ముందు సీటు కిందికి దూరాలి, మధ్యలో జిప్పు తెరవకూడదు. ప్రశాంతంగా ఉన్న పిల్లి నిమిషానికి ఇరవై నుంచి ముప్పై సార్లు ఊపిరి తీస్తుందని, నోరు తెరిచి రొప్పితే మాత్రం అది అలసట కాదు, ఆపదని డాక్టరమ్మ చెప్పి ఉన్నందువల్ల, వలగుడ్డలో నుంచి దాని పక్కటెముకలను చూస్తూ గడియారం పెట్టి లెక్కించాను. విమానం పైకి లేచేటప్పుడు నలభై ఎనిమిది, అరగంటకు ముప్పై రెండు, ఆ తరువాత ఇరవై ఆరు. ఎగిరే విమానం లోపలి గాలి సుమారు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉండే గాలితో సమానం. మన మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండల ఎత్తు నాలుగు వేల అడుగుల పైచిలుకు కనుక, దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల ఎత్తున్న కొండ మీద కూర్చున్నట్టన్న మాట. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి అదేమీ ఇబ్బంది కాదు, గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉంటే వేరే సంగతి. కిందికి దిగేటప్పుడు చెవులు దిమ్మెక్కి దొర తల విదిలించడం మొదలుపెట్టింది. మింగితే చెవులు వదులుతాయి కనుక, వలగుడ్డ అంచు నుంచి ఒక్కొక్క పలుకు చొప్పున తిండి లోపలికి తోశాను. పక్క సీటులోని ఆయనకు ఆ సంచిలో పిల్లి ఉందని అప్పుడే తెలిసింది. మూడు గంటలుగా నేను నా కాళ్ళతో మాట్లాడుకుంటున్నాననుకున్నారట.

విదేశాలకు తీసుకుపోవడం గురించి కూడా కొందరు అడిగారు. అది నేను చేయని పని, అయినా డాక్టరమ్మ దగ్గర విన్నంత వరకు అది ఆరు వారాల్లో తేలే వ్యవహారం కాదు. ఐరోపా సంఘం దేశాలకు మన దేశం నుంచి కుక్కనుగాని పిల్లినిగాని తీసుకుపోవాలంటే చర్మం కింద మైక్రోచిప్ వేయించి, ఆ తరువాత రేబిస్ టీకా వేయించి, కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయించి, అందులో రేబిస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాల మోతాదు మిల్లీలీటరుకు 0.5 యూనిట్లకు తగ్గకుండా ఉందని గుర్తింపు పొందిన ప్రయోగశాల చెప్పాక, రక్తం తీసిన రోజు నుంచి మరో మూడు నెలలు ఆగాలి. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి ఆరు నెలలు నిండని కుక్కపిల్లలను అసలే రానివ్వడం లేదు. బ్రిటన్‌కు విమానంలో పెంపుడు జంతువు వెళ్ళాలంటే అది సరుకుగానే వెళ్ళాలి, మన ఒడిలో కాదు. వీటికి కావలసిన ప్రభుత్వ ధ్రువపత్రం మనకు దగ్గరలో చెన్నైలోని కేంద్ర జంతు క్వారంటైన్ కార్యాలయం ఇస్తుంది. ఉద్యోగం ఖాయమైన రోజునే జంతువు పని కూడా మొదలుపెట్టకపోతే, మనిషి వెళ్ళిపోయి జంతువు మిగిలిపోతుంది.

ఢిల్లీలో అమ్మాయి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదు దాటింది. దొరను ఒక చిన్న గదిలో పెట్టి, సంచి నోరు తెరిచి, బయటికి లాగకుండా వదిలేశాము. గంటకు అది బయటికి వచ్చి, పొట్ట నేలకు ఆనించి నడుస్తూ మంచం కిందికి పోయింది. పాలు తాగలేదు, చేప ముట్టలేదు. తిండి కన్నా నన్ను భయపెట్టినది వేరొకటి. భయం, ప్రయాణపు ఒత్తిడి వల్ల మగ పిల్లులకు మూత్రం బిగుసుకుపోతుందని, వాటి మూత్రనాళం చాలా సన్నం కనుక పూర్తిగా పూడుకుపోతే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుందని, తొట్టెలో కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకుపోవాలని, ఏ గుర్తూ లేకపోయినా 24 గంటలు దాటనివ్వవద్దని డాక్టరమ్మ హెచ్చరించారు. తిరుత్తణి ఇవతల కారులో పోసినదే చివరిది. ఆ హెచ్చరికతోపాటు ఆవిడ ఒక ఉపాయం కూడా చెప్పి ఉన్నారు. తిరుపతిలో దొర వాడుతున్న ఇసుక తొట్టెలో నుంచి, వాసన పట్టిన ఇసుక ఒక కిలో తీసి, మూడు కవర్లలో మూటగట్టి, నా పెద్ద పెట్టెలో చీరల మధ్య పెట్టుకొని వచ్చాను. పెట్టె తెరిచి ఆ మూట విప్పుతుంటే మా అల్లుడు మర్యాదకు ఏమీ అనలేదు గాని కిటికీ తెరిచాడు. కొత్త తొట్టెలో కొత్త ఇసుక పోసి, దాని మీద ఈ పాత ఇసుకను చల్లి, మంచం పక్కన పెట్టి, దీపం ఆర్పి పడుకున్నాను.

నిద్ర పట్టలేదు. పన్నెండయింది, ఒంటిగంట అయింది. రెండున్నర ప్రాంతంలో మంచం కింద ఏదో మెదిలింది. తొట్టె అంచుకు గోళ్ళు తగిలిన చప్పుడు వచ్చింది, తరువాత చాలాసేపు నిశ్శబ్దం. ఆ తరువాత ఇసుకను అటు గీకి, ఇటు గీకి, చుట్టూ తిరిగి మళ్ళీ గీకి, తిరుపతిలో అర్ధరాత్రి నా నిద్ర చెడగొడుతున్నందుకు నేను రోజూ తిట్టుకునే అదే మోత మొదలైంది. లేచి దీపం వేయకుండా, అది పూర్తయ్యేదాకా విన్నాను. పొద్దున ఏడుకు అత్తమ్మ దగ్గర నుంచి ఫోను వచ్చింది. నేను ఎలా చేరానని గాని, అమ్మాయి ఎలా ఉందని గాని అడగకముందే, "అది ఒంటికి పోసిందా?" అన్నారు.